సుద్ద కాలువ మీద వంతెన

ఆ సైనిక శిబిరానికి అన్నీ ఉన్నాయి, మైదానంలో ఒక్క కాలువ తప్ప. వంతెన మోసే ట్యాంకు పనితనం మంత్రిగారికి చూపించాలంటే కింద ఏదో ఒక గొయ్యి ఉండాలి కదా! తవ్వడానికి అనుమతి రాలేదు. కెప్టెన్ తెగ ఆలోచించి, పద్దెనిమిది మీటర్ల ఎడంలో రెండు సుద్దగీతలు గీయించి, మధ్యనున్నదంతా నీళ్లేనని ప్రకటించాడు. టీ పట్టుకొచ్చిన వంటవాడికి ఆ సంగతి తెలియదు పాపం, అడ్డంగా నడిచి వచ్చేశాడు.

"నీళ్లల్లో నడుస్తున్నావేంట్రా! మునిగి చచ్చావు నువ్వు. వెనక్కి పో!" అని కెప్టెన్ కేకేశాడు.

చచ్చినవాడు టీ చల్లారిపోతోందని గొణుక్కుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు.

అందరూ నవ్వారు గానీ ట్యాంకు డ్రైవరుకు నవ్వు రాలేదు. అతని ట్యాంకుకు ఫిరంగి ఉండదు, నెత్తిమీద మడతపెట్టిన ఇనుప వంతెన ఉంటుంది. మీట లాగితే అది విచ్చుకుని అవతలి గట్టున వాలుతుంది. ఇరవై ఏళ్లుగా అతను చేస్తున్న ఉద్యోగం అదే, ఎప్పుడు వేసినా ఇలాంటి ఉత్తుత్తి కాలువల మీదే. ఒక్క మనిషిని కాలు తడవకుండా దాటించిన పాపాన పోలేదు.

ఆ రోజూ సుద్ద కాలువ మీద వంతెన పరిచి, ఇంజను ఆపి దిగాడు. అంతలో బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, అక్కకి నొప్పులొస్తున్నాయిరా. బిడ్డ అడ్డం తిరిగిందట, వెంటనే ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. తీరా వస్తే కాలువ మీద వంతెన కూలిపోయి ఉంది. అంబులెన్సులో ఈ గట్టునే చిక్కుకుపోయాం. ఆసుపత్రేమో మీవైపుంది!"

ఆ కాలువ శిబిరానికి రెండు కిలోమీటర్లే. డ్రైవరు పరుగున వెళ్లి కెప్టెన్‌కు చెప్పాడు.

"చుట్టుదారి లేదా?"

"అరవై కిలోమీటర్లు సార్. మనమైతే అరగంటలో దాటించేస్తాం."

కెప్టెన్ నిజంగానే బాధపడ్డాడు. "నాకూ అక్కలున్నారయ్యా. కానీ ఇప్పుడు ఈ వంతెన పీకేస్తే మంత్రిగారికి ఏం చూపిస్తాం? పైగా బయటివాళ్ల బండి ఎక్కించాలంటే పైనుంచి కాగితం రావాలి. రాసి పంపు, వారంలో వస్తుంది."

"వారమా సార్?"

"అర్జెంటని రాస్తేనే."

డ్రైవరుకు ఏడుపొచ్చింది. అంతలో కెప్టెన్ ఫోన్ మోగింది. వింటూ వింటూనే ఆయన నిటారుగా నిలబడిపోయాడు. మంత్రిగారి కార్లు కూడా ఆ కూలిన వంతెన దగ్గరే ఆగిపోయాయట. ఇక ఏ కాగితమూ అవసరం పడలేదు. ట్యాంకు వంతెనను నెత్తికెత్తుకుని బయలుదేరింది. ముందు జీపులో కెప్టెన్, "త్వరగా, త్వరగా!" అంటూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

అది నిజం కాలువ, నిండా నీళ్లు. డ్రైవరు మీట లాగాడు. వంతెన అవతలి గట్టున కుదురుగా కూర్చుంది. అతను ట్యాంకును వెనక్కి తీసి, పక్కన ఇంజను ఆపి దిగాడు. పదకొండు కార్లు వరసగా దాటాయి. మంత్రిగారు అద్దం దించి, "మీ వంతెన ప్రదర్శన ఎప్పుడయ్యా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయారు.

కార్లు కదిలాక అవతల అంబులెన్సు కనిపించింది. దాని ముందు బావ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"ఎత్తెయ్ వంతెన!" అన్నాడు కెప్టెన్. "ఆయన మైదానానికి చేరేలోపు మళ్లీ అక్కడ వెయ్యాలి!"

డ్రైవరు ట్యాంకులోకి దిగాడు. బావకు రమ్మని సైగ చేసి, తల మాత్రం పైకి పెట్టి కూర్చున్నాడు. ఒక నిమిషం గడిచింది.

"ఏమైంది?"

"ఇంజను స్టార్టవ్వట్లేదు సార్."

"బటన్ నొక్కావా?"

"లేదు సార్."

కెప్టెన్ ముఖం కందగడ్డయింది. "ఉద్యోగం పోతుంది, తెలుసా?"

అంబులెన్సు ముందు చక్రాలు వంతెన ఎక్కాయి. ఇరవై ఏళ్లలో అంత భయం, అంత సంతోషం డ్రైవరుకు ఎన్నడూ కలగలేదు.

"తెలుసు సార్. వాళ్లు దాటాక నొక్కుతాను."