దున్నపోతా, కొంగా?

సర్వే ఆఫీసులో అందరూ అతన్ని 'అంగుళం గారు' అనేవారు. ముఖం మీద కాదు, వెనకాల. పక్కింటి గోడ అంగుళం ముందుకొచ్చిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే చాలు, టేపు పట్టుకుని ఎండలో మాడి మసైపోయినా సరే, ఆ అంగుళం ఎక్కడుందో తేల్చేదాకా వదిలేవాడు కాదు. తన పట్టుదలకి మెచ్చి ఆ పేరు పెట్టారని అతను చాలాకాలం లోలోపల పొంగిపోయాడు. తన ఎత్తుకి కూడా ఆ పేరు సరిగ్గా సరిపోతుందన్న సంగతి ఆయనగారికి తట్టనేలేదు.

భార్య బడిలో డ్రిల్లు టీచరు. ఒకప్పుడు వాలీబాల్ ఆడిన మనిషి. అతనికంటే జానెడు పొడుగు. పెళ్లినాటి ఫొటోలో అతను మెట్టు మీదా, ఆమె మెట్టు కిందా నిలబడి ఉంటారు. ఆ తర్వాత తీయించుకున్నవన్నీ కుర్చీల్లో కూర్చున్న ఫొటోలే.

ఒక ఆదివారం ఇద్దరూ ఆమె తమ్ముడింటికి బయల్దేరారు. ఆ తమ్ముడు కొండవాలులో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ముసలి స్కూటరు చదునైన రోడ్డు మీద బుద్ధిగానే వచ్చింది. ఎత్తు మొదలవగానే దగ్గింది, మూలిగింది, ఆఖరికి నడక వేగానికి దిగిపోయింది.

"నేను దిగనా?" అంది భార్య.

"అక్కర్లేదు. ఊపిరి తీసుకుంటోందంతే."

"తీసుకోవడం లేదండీ, వదిలేస్తోంది."

ఆమె దిగి నడక అందుకుంది. మొదట స్కూటరు పక్కనే నడిచింది. కాసేపటికి ముందుకెళ్లింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి, "నేను వెళ్లి కాఫీ పెట్టించి ఉంచుతా, మీరు నెమ్మదిగా రండి," అని చెయ్యి ఊపి కనబడకుండా పోయింది. అతను చేరేసరికి బావమరిది గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, అక్క వచ్చి ఇంతసేపైంది, నువ్వు దారిలో ఎక్కడైనా పడుకున్నావా?"

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. కొంటే మామూలు బండి కొనకూడదు, దూరప్రయాణాలకి పనికొచ్చే పెద్ద స్కూటరే కొనాలని ఆ కొండమీదే నిశ్చయించుకున్నాడు. అంతవరకూ అతను స్కూటరు మీద వెళ్లిన అతి దూరప్రయాణం ఆ బావమరిది ఇల్లే. ఆ చిన్న విషయాన్ని అతను లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో మనశ్శాంతి పోయింది. అన్నం తింటున్నా, పళ్లు తోముకుంటున్నా ఫోన్‌లో ఎవడో ఒకడు హెల్మెట్ పెట్టుకుని పెద్ద స్కూటర్ల గురించి ఊదరగొడుతూనే ఉండేవాడు. వెడల్పు టైర్లు మేలా, పెద్ద చక్రాలు మేలా? ముందు గాలిని ఆపే అద్దం గడ్డం దాకా చాలా, నెత్తి దాటాలా? ఆఫీసు క్యాంటీన్లో అతను టీ కప్పు పట్టుకుని వస్తుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లకి ఒక్కసారిగా పనులు గుర్తొచ్చేవి. చివరికి పొలం కొలవడానికి వెళ్లి, అక్కడున్న రైతుని కూడా చక్రాల గురించి సలహా అడిగాడు. "అవన్నీ నాకేం తెలుసు సార్? ముందు నా గట్టు సంగతి చూడండి," అన్నాడు రైతు.

నెలల తరబడి వడపోస్తే రెండు మిగిలాయి. ఒకటి పొట్టిగా, బరువుగా, ముందుగదిలో వేసుకునే సోఫాలా ఉంటుంది. రెండోది ఎత్తుగా, సన్నటి నడుముతో, పెద్ద చక్రాలతో, ఏ గతుకునైనా ఒక్క అంగలో దాటేసేలా ఉంటుంది. భార్యకి రెండు బొమ్మలూ చూపించాడు.

"ఇది దున్నపోతు, ఇది కొంగ," అంది ఆమె ఉల్లిపాయలు తరుగుతూ.

"అలా కాదు, వాటి గుణగణాలు చూసి చెప్పు."

"గుణాలు చూసే చెప్పాను."

అతని బుద్ధి దున్నపోతు వైపు మొగ్గింది. మనసు మాత్రం కొంగ మీద పడింది. ఆ ఎత్తు సీటు మీద తను కూర్చుని, గాలి అద్దం వెనక నుంచి కొండల వైపు చూస్తున్నట్టు ఒక దృశ్యం అతని కళ్లముందు ఆడుతూ ఉండేది. అందులో అతని కాళ్లు ఎప్పుడూ కనబడేవి కావు. అయినా జాగ్రత్త మంచిదని, మందపాటి అడుగున్న బూట్లు ఒక జత రహస్యంగా కొన్నాడు. దుకాణానికి వెళ్లే రోజు పొద్దున్నే వాటిని తొడుక్కుని హాల్లోకి వచ్చాడు.

భార్య ఎగాదిగా చూసింది. "ఏవండీ, ఇవాళ ఫ్యాను కాస్త కిందకి దిగిందా?"

"బూట్లు. రోడ్డు మీద రక్షణకి."

"అలాగా," అంది ఆమె. ఆ 'అలాగా'లో నవ్వు కనబడకుండా ఉండటానికి ఆమె పడ్డ కష్టం అతనికి తెలుస్తూనే ఉంది.

రెండు బండ్లూ ఒకే దుకాణంలో దొరికాయి. అమ్మకాలు చూసే అమ్మాయి మర్యాదగా తాళాలు అందించింది. ముందు దున్నపోతు. వెంట వచ్చిన భార్యని దుకాణంలోనే ఉంచి అతను ఒక్కడే తీసుకెళ్లాడు. రెండు పాదాలూ నేలకి ఆనాయి, సీటు హాయిగా ఉంది, వీధి చివరిదాకా రాజులా వెళ్లి రాజులాగే తిరిగొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఊరుకోక, దుకాణం పక్కన వాలుగా ఉన్న చోట, ముందు చక్రం గోడకి ఆనుకునేలా తీసుకెళ్లి ఆపాడు. వెనక్కి లాగుదామని చూస్తే బండి కదల్లేదు. బూట్లు జర్రున జారాయి. మళ్లీ లాగాడు. మెడలో నరాలు తేలాయిగానీ, దున్నపోతు మాత్రం గోడని వాసన చూస్తూ అక్కడే నిలబడింది.

దుకాణం అద్దాల్లోంచి అందరూ చూస్తున్నారు. అతను ఫోన్ తీసి చెవికి ఆనించుకుని, ఏదో ముఖ్యమైన వ్యవహారం మాట్లాడుతున్నట్టు తల ఊపడం మొదలెట్టాడు. అలా ఊపుతూ ఊపుతూ ఉండగా ఆ ఫోన్ నిజంగానే మోగింది. చెవిలో అంత గట్టిగా మోగేసరికి అదిరిపడ్డాడు. చేసింది భార్యే.

"ఏమైంది? అక్కడే ఉండిపోయారేం?"

"గోడ పరిశీలిస్తున్నా."

అమ్మకాల అమ్మాయి బయటికి వచ్చింది. "దీనికి రివర్సు గేరు లేదామ్మా?" అని అడిగాడు ఆమెని, ఏదో సాంకేతిక లోపం కనిపెట్టిన గొంతుతో.

"లేదు సార్. కాళ్లతోనే నెట్టుకోవాలి."

భార్య వచ్చి వెనక సీటు కడ్డీ అందుకుంది. అతను దిగబోయాడు. "కూర్చోండి, పర్లేదు," అని, బళ్లో వాలీబాల్ నెట్టు స్తంభాన్ని జరిపినట్టు, బండినీ మొగుణ్ణీ కలిపి రోడ్డు మీదికి లాగేసింది.

ఇక కొంగ. ఈసారి ఇద్దరూ ఎక్కారు. ఎక్కడానికే అతను రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మునివేళ్ల మీద, నాట్యం నేర్చుకునేవాడిలా నిలబడి బండి కదిలించాడు. కదిలాక మాత్రం స్వర్గమే. గతుకులు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. "చూశావా, చక్రాల మహిమ!" అని అరిచాడు. "ఆఁ," అంది ఆమె వెనక నుంచి. పెళ్లైనప్పటి నుంచీ స్కూటరు మీద అతను ఏం చెప్పినా ఆమె అలాగే ఆసక్తిగా "ఆఁ" అనేది. అది అతనికి చాలా ఇష్టం.

సిగ్నల్ పడింది. అతను బ్రేకు వేసి ఎడమ కాలు కింద పెట్టాడు. అక్కడ రోడ్డు కాస్త పల్లంగా ఉంది. కాలు దిగింది, ఇంకా దిగింది, నేల మాత్రం రాలేదు. కొంగ నెమ్మదిగా, పెద్దమనిషి నడుం వాల్చినట్టు, ఎడమవైపు ఒరగడం మొదలెట్టింది. 'అయిపోయింది' అనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు. కళ్లు తెరిచి చూస్తే బండి వాలినచోటే ఆగి ఉంది. కింద తారు మీద భార్య పాదం నిండుగా, స్థిరంగా ఆని ఉంది.

"కదలకండి," అంది ఆమె, ఆటస్థలంలో పిల్లలకి చెప్పే గొంతుతో. బండిని నిటారుగా నిలబెట్టింది. "ఇప్పుడు దిగండి."

"ఇక్కడా?"

"ఇక్కడే."

దిగాడు. పచ్చ దీపం పడింది. వెనక హారన్లు మోతెక్కిపోతున్నాయి. ఆమె ముందు సీటులోకి జరిగి, రెండు పాదాలూ నేల మీద ఆనించి, "ఎక్కండి వెనకాల," అంది. వాదించడానికి నోరు తెరిచాడుగానీ, ఓ లారీ హారన్ ఆ వాదనని మింగేసింది. ఎక్కాడు.

ఆమె రోజూ బడికి చిన్న స్కూటరు మీద వెళ్లేదే. పెద్దది నడుపుతానని ఎప్పుడూ అనలేదు, అతనూ అడగలేదు. ఇప్పుడు చూస్తే ఆ బండి ఆమె కోసమే కొలతలు తీసి కుట్టినట్టుంది. దుకాణం వైపు తిరగాల్సిన చోట తిరక్కుండా, నేరుగా ఊరి బయట రోడ్డెక్కింది.

"ఎక్కడికి? ఆ అమ్మాయి కంగారుపడుతుంది!" అన్నాడు.

ఆమె ఏదో అంది. గాలిలో ఒక్క ముక్క కూడా వినబడలేదు. మర్యాద కోసం "ఆఁ" అన్నాడు. అన్నాక అతనికి గుండెలో కలుక్కుమంది. ఇన్నేళ్లుగా రోడ్ల గురించి, ధరల గురించి, ఆఫీసు రాజకీయాల గురించి తను వెనక్కి చూడకుండా ఇచ్చిన ఉపన్యాసాలన్నీ గాలికే పోయాయన్నమాట.

చేతులకి పని లేదు. కళ్లకి రోడ్డు లేదు, ఉన్నదల్లా భార్య వీపు. అందుకని పక్కకి చూశాడు. చెరకు తోట మీంచి పక్షుల గుంపు ఒకటి లేచింది. దూరంగా కొండలు నీలంగా ఉన్నాయి. ఆ పొలాలన్నీ అతను కొలిచినవే. కానీ అక్కడ కొండలున్నాయని ఎప్పుడూ గమనించలేదు. మధ్యలో బండి నెమ్మదించినప్పుడు ఆమె హెల్మెట్‌లోంచి సన్నగా ఈల వినిపించింది. ఆమెకి ఈల పాట వచ్చని కూడా అతనికి తెలియదు.

దుకాణానికి తిరిగొచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. అతని ముఖం మాడిపోయింది. "ఆలోచించి చెబుతాం," అనేసి ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ వారమంతా దున్నపోతు తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడాడు. గురుత్వ కేంద్రం అన్నాడు, సామాన్లు పట్టే చోటు అన్నాడు, ముసలితనంలో నడుం నొప్పులన్నాడు. ఆమె అంతా విని, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ, "అయితే దున్నపోతునే తీసుకోండి. నడిపేది మీరేగా," అంది. దెప్పినట్టు కాదు, మామూలుగానే అంది. దెప్పి ఉంటే బాగుండేది. ఆ మామూలుతనం అతనికి నిద్ర లేకుండా చేసింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఒంటరిగా దుకాణానికి వెళ్లాడు. ఈసారి మామూలు చెప్పులే వేసుకున్నాడు. దున్నపోతు మీద కూర్చుని చదును నేల మీద వెనక్కి నెట్టి చూశాడు. కాస్త ఆయాసం వచ్చినా కదిలింది. కొనుక్కోవచ్చు. నడుపుకోవచ్చు. బావమరిది నోరు మూయించవచ్చు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కానీ అతను దిగి, కొంగ దగ్గరికి వెళ్లి, దాని వెనక సీటు మీద ఎక్కి కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీగా ఉంది.

అమ్మకాల అమ్మాయి తికమకపడింది. "సార్, ముందుకి జరిగి కూర్చోండి, బాగా తెలుస్తుంది."

"ఇదే నా సీటమ్మా," అన్నాడు. అనడం కష్టమవుతుందనుకున్నాడుగానీ, తీరా అన్నాక మందపాటి బూట్లు విప్పేసినంత సుఖంగా అనిపించింది. "దీనికి వెనక ఆనుకోవడానికి దిండు లాంటిది పెట్టించగలరా?"

"పెడతాం సార్. బండి ఎవరి పేరు మీద రాయమంటారు?"

భార్య పేరు చెప్పాడు.

ఆఫీసులో వేరేవాళ్లు చూసి చెప్పుకునే లోపు తనే చెప్పేయడం మేలనుకున్నాడు. క్యాంటీన్లో అందరి మధ్యా నిలబడి, గోడ పరిశీలన దగ్గర్నుంచి సిగ్నల్ దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చక్రాల కథకి పారిపోయినవాళ్లే ఈ కథని మళ్లీ మళ్లీ చెప్పించుకుని పడీ పడీ నవ్వారు. బావమరిదికి మాత్రం, "వెనక కూర్చుంటే దారి బాగా కనబడుతుందిరా, అందుకే," అని పెద్దరికంగా చెప్పాడు. అవతల ఫోన్‌లో కిసుక్కుమన్న చప్పుడు సగంలోనే ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటాడు.

బడికి సెలవులివ్వగానే మొదటి దూరప్రయాణం పెట్టుకున్నారు. కొండలు దాటి సముద్రం దాకా. మొదటి పూట అతను శ్రద్ధగా కూర్చున్నాడు. ఎడమ పక్క వాగు చూపించాడు, కుడి పక్క కోతుల్ని చూపించాడు, ఆమె భుజం తట్టి మలుపులు చెప్పాడు. ఒకచోట ఆమె బండి ఆపి, "రోడ్డు నాక్కూడా కనబడుతోందండీ," అన్న తర్వాత తట్టడం మానేశాడు. చెట్ల నీడల్లో ఎండ మెత్తబడింది. వెనక దిండు వెచ్చగా ఉంది.

బండి ఆగింది. ఎదురుగా సముద్రం. ఆమె హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని అతని వైపు తిరిగింది.

"ఎలా ఉంది ఆ ఘాట్ రోడ్డు?"

"అద్భుతం. ఆ మలుపులు, ఆ లోయ, ఆ..." అని వెతుక్కున్నాడు. "చెట్లు."

"లోయలో జలపాతం చూశారా?"

"చూడకేం? ఎంత బాగుందో!"

"జలపాతం లేదు. మీ హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి టకటకా కొట్టుకుంటూనే ఉంది. కొండ ఎక్కడం మొదలెట్టినప్పటి నుంచీ పడుకునే ఉన్నారు."

అతను బుర్ర గోక్కుందామని చెయ్యెత్తాడు. చేతికి హెల్మెట్ తగిలింది. ఆమె పగలబడి నవ్వింది. అతనికీ నవ్వు ఆగలేదు. కాసేపు ఇసుకలో నడిచారు, టీ తాగారు. పొద్దింకా చాలానే ఉంది.

"వెనక్కి వెళ్లి ఆ ఘాట్ రోడ్డు చూసొద్దామా?" అంది ఆమె.

"నీకు శ్రమ కాదూ?"

"నాకా?" అని ఆమె అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుంటోంది.

అతను ముఖం కడుక్కుని, కళ్లు రెండూ గట్టిగా తెరుచుకుని, ఎక్కి కూర్చున్నాడు.