రెండో బ్యారన్‌కు నిప్పు

పచ్చి పొగాకును పొయ్యి వేడికి ఆరబెట్టే పెద్ద బ్యారన్ నిన్న సాయంత్రం కాలిపోయింది. గోడలింకా పొగలు కక్కుతున్నాయి. తెల్లారేసరికి ఊళ్లో సగం మంది యలమందయ్య వాకిట్లో ఉన్నారు. వచ్చిన ప్రతివాడూ జరిగినదానికంటే ఘోరమేదో ఊహించి చెప్పి, ఓదార్చానని అనుకుంటున్నాడు.

"గాలి ఊరి మీదికి తిరిగుంటేనా బావా, ఒక్క కొంప మిగిలేది కాదు!" అన్నాడు బావమరిది బుల్లయ్య.

"గాలి సంగతి తర్వాతన్నయ్యా," అంది యలమందయ్య భార్య బసవమ్మ. "ఆకు రంగు తిరిగిందో లేదో చూద్దామని లోపలికెళ్లానా? దాహమేసి ఇవతలికొచ్చానా? వెనకాలే భగ్గుమంది. ఆ దాహమే వెయ్యకపోతే నా బూడిదా పొగాకు బూడిదా కలిపి ఎత్తేవాళ్లు!"

అందరూ నవ్వారు. యలమందయ్య చివాల్న లేచి పెరట్లోకి నడిచాడు.

అక్కడ చిన్న బ్యారన్ నిండా పచ్చాకు వేలాడుతోంది. ఈ పూట బయటి పొయ్యి రాజెయ్యకపోతే ఆకంతా నల్లబడి పెంటకుప్పలో పోయాల్సిందే. అగ్గిపుల్ల గీశాడు. ఆ మంటలో బసవమ్మ కొంగు కనిపించింది. తలుపు బిగుసుకుపోయినట్టు, ఆమె లోపల్నుంచి బాదుతున్నట్టు... పుల్ల వేలికి చురుక్కుమంది. ఇంకోటి గీశాడు. అదీ అంతే.

"ఇటివ్వు, నేను పెడతా." వెనక బసవమ్మ.

"నోర్ముయ్యవే! పొద్దుట్నుంచీ చచ్చిపోయేదాన్నంటూ నవ్వుతున్నావు. కళ్లు మూస్తే నాకు అదే!"

ఆమె నవ్వు ఆగిపోయింది.

"చెప్పకుండా కూర్చుంటే నాకూ ఆ మంటే కళ్లముందుకొస్తోందయ్యా. ఎన్నిసార్లు చెప్పినా చివర్లో నేను బయటికొచ్చేస్తున్నా గదా! నువ్వే నన్ను లోపల పెట్టి తలుపేస్తున్నావు."

యలమందయ్య బ్యారన్ గడియ తీసి లోపలికి వంగి చూశాడు. కర్రలకు అల్లిన ఆకు వరసల్లో అన్నిటికంటే కిందిది, పొయ్యి వేడిని లోపలికి తెచ్చే రేకు గొట్టాలకు జానెడు ఎత్తులో ఉంది. ఎక్కువ ఆకు పడుతుందని ఊరంతా అలాగే కడతారు. కాలిపోయినదాంట్లోనూ అంతే. ఒక్క ఆకు జారి గొట్టం మీద పడితే చాలు.

కింది వరస కర్రలు లాగి బయట పారేయడం మొదలుపెట్టాడు.

"పిచ్చా బావా? బంగారంలాంటి ఆకు!" బుల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఒకసారి కాలిందని రోజూ కాలుతుందా?"

"కాలితే?"

"కాలితే అప్పుడు చూద్దాం!"

"నేను చూసే వస్తున్నాలే, పక్కకి జరుగు."

బసవమ్మ కొంగు నడుముకు దోపి రెండో వైపు కర్రలు అందుకుంది. కింది వరస ఖాళీ అయ్యాక తలుపు మూసి, ఆమెను తన పక్కనే నిలబెట్టుకుని పుల్ల గీశాడు. పొయ్యి అంటుకోగానే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వదులయ్యా, జనం చూస్తున్నారు."

వదల్లేదు. అతని కళ్లు తలుపు మీదే ఉన్నాయి.