తలుపు దిక్కు పడక

దిల్‌సుఖ్‌నగర్‌లోని దుకాణంలో దోమతెర గది ఉన్న పెద్ద టెంటు వేసి ఉంచారు. లింగస్వామి చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు.

"ఎంతమందికి అన్నా?" అడిగింది అమ్మే పిల్ల.

"నేను, మా ఆమె, ఇద్దరు పిల్లలు. చిన్నదానికి దోమ కుడితే ఒళ్లంతా దద్దుర్లే."

భార్య పిల్లలను తీసుకొని మీర్‌పేటలో వేరుగా ఉంటోందని మాత్రం చెప్పలేదు.

"ఒకసారి పండుకొని సూడన్నా, సరిపోతదో లేదో."

పడుకున్నాడు. వాళ్ల ఇళ్లలో మగవాడు తలుపు దిక్కు, ఆడమనిషి గోడ దిక్కు, పిల్లలు నడుమ పడుకుంటారు.

"గట్ల అంచుకు పండుకున్నవేందన్నా? జర నడుమకు జరుగు, మస్తు జాగ ఉంది."

లింగస్వామి పక్కనున్న ఖాళీని చేత్తో తడిమాడు.

"గా జాగ పిల్లలదమ్మా," అన్నాడు.