నీలమెక్కిన దుప్పట్లు

హోటలు వాళ్ల తెల్ల దుప్పట్లన్నీ ఆకాశం రంగులో మెషిన్లోంచి బయటికొచ్చాయి. మా లాండ్రీ పుట్టి బుద్ధెరిగాక అంత వింత చూడలేదు. అడుగున అసలు దొంగ దొరికింది: మా మనవరాలి కొత్త నీలం దుప్పటి.

"ఇందులోకి ఇదెలా వచ్చిందే?" మావాడు కూతురి మీద అరిచాడు.

పద్నాలుగేళ్ల పిల్ల. పరుగులో గాలికి అక్క వరస. క్రీడా హాస్టల్లో సీటొచ్చింది, సోమవారం చేరాలి.

"రాత్రి మళ్లీ పక్క తడిపాను. తెలియకూడదని అందులో కలిపేశాను," అంది. "మధ్యాహ్నం నుంచీ నీళ్లు కూడా మానేస్తున్నాను నాన్నా. అయినా..."

"హాస్టలూ లేదు, గీస్టలూ లేదు! నలుగురిలో పరువు తీస్తావా? ఒళ్లు బద్ధకం!"

పిల్ల ఇస్త్రీబల్ల కింద దూరి కూర్చుంది. నవ్విద్దామని వంగాను.

"నేనింక బాగుపడను తాతా," అంది. "లేవే, డాక్టరమ్మకి చూపిద్దాం," అన్నాను.

సాయంత్రం ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మూత్రపరీక్ష చేయించి, విరేచనం సంగతడిగింది. మూడు రోజులకోసారట.

"గట్టిపడ్డ మలం మూత్రసంచిని నొక్కేస్తుంది. నీళ్లు మానేస్తే ఇంకా గట్టిపడుతుంది. పగలు బాగా తాగు, పడుకునే ముందు తగ్గించు. సంచి నిండిన కబురు నిద్రలో మెదడుకి అందట్లేదు, అంతే. బద్ధకం కాదు. మందిస్తాను, తడి తగిలితే మోగే అలారమూ ఉంది. నెలలు పట్టొచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?"

మావాడు ఫ్యాను వంక చూశాడు.

"వీడికే ఉండేదమ్మా, మీసాలొచ్చేదాకా!" అన్నాను. "వీడు లేచేసరికి వీధి చివర పడవలు కట్టేవాళ్లు. వీళ్లమ్మ ఈదుకుంటూ వచ్చి నాకు కాఫీ ఇచ్చేది."

పిల్ల నవ్వలేదు. "ఇదెలా ఉంటుందో తెలిసే తిట్టావా నాన్నా?" అంది.

వాడు డాక్టరమ్మ చేతిలోంచి మందుచీటీ అందుకుని లేచాడు.

మర్నాడు పొద్దున పిల్ల తడిసిన నీలం దుప్పటి చంకన పెట్టుకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. "మందు వేసుకున్నా తగ్గలేదు."

"మొండి మరక ఒక్క ఉతుక్కే వదలడం ఎప్పుడైనా చూశావుటే?" అన్నాను.

మావాడు హాస్టలు వార్డెనమ్మకి ఫోన్ కలిపాడు. "మా అమ్మాయి సంగతొకటి చెప్పాలండీ... చిన్నప్పుడు నాకూ ఉండేది..." పిల్ల వాడి మొహమే చూస్తోంది.

వాడు ఫోన్ పెట్టేశాడు. "పరుపు మీదికి ప్లాస్టిక్ షీటు తెచ్చుకోమంది. సోమవారమే రమ్మంది."

పిల్ల దుప్పటి నా చేతిలో పెట్టింది.

"దీన్ని వేరేగా నానబెట్టు తాతా."