ఎక్స్‌రేలో పడనిది

ఆ రోజు తెల్లవారేసరికి ఆకాశం మసక మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు. సుదర్శన్ నోట్లో బ్రష్ పెట్టుకుని వాకిట్లో నిలబడి పైకి చూశాడు.

"మబ్బు జూస్తానవా? చేన్ల పత్తి పగిలున్నది. తడిస్తే నల్లబడ్తది. నీ ఫోటోలు ఎల్లుండి తీయించుకుంటే మోకాళ్లు యాడికన్న పారిపోతయా?" అని బ్రష్ తీసి కొట్టం వైపు కేకేశాడు.

సుగుణ కొట్టంలో ఉంది. గొంతుకూర్చుని, స్టీలు బకెట్‌ను రెండు మోకాళ్ల మధ్య బిగించి చుక్కబర్రె పాలు పిండుతోంది. భర్త మాట వినబడింది. మాట్లాడితే చెయ్యి తప్పుతుంది. చెయ్యి తప్పితే బర్రె పాలు వదలకుండా ఎగచేపుతుంది.

పిండడం కష్టం కాదు, లేవడమే కష్టం. ముందు ఎడమ చేత్తో గుంజ పట్టుకోవాలి. బకెట్ పక్కకు జరపాలి. నడుము లేపాక కుడి మోకాలి లోపలి వైపు ఇసుక నలిగినట్టవుతుంది. నిలబడ్డాక కూడా కాలు కాసేపు కదలదు. ఆ కాసేపే ఇంట్లో వాళ్ల కళ్లకు బద్ధకంలా కనిపిస్తుంది. ఒకసారి పీట వేసుకుని కూర్చుంటే అత్త భద్రమ్మ చూసి, "పీటేసుకొని పిండెటందుకు దొరసాన్లకు బర్లుంటయా?" అని నవ్వింది. ఆ పీట మర్నాడు కొట్టంలో లేదు.

పోయినేడు నర్సంపేటలో ఎక్స్‌రే తీశారు. అక్కడి డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి, ఎముకలు బాగున్నాయి, ఏమీ లేదు అన్నాడు. ఆ మాటతో సుగుణ నొప్పికి ఇంట్లో చోటు లేకుండా పోయింది. ఎవరు వచ్చినా సుదర్శన్ ఆ ఫిల్ము తీసి చూపించేవాడు. "జూడుండ్రి, ఇనుప రాడ్ల లెక్కున్నయి. దీనికి నొప్పట." అందరూ నవ్వేవాళ్లు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చిన సుగుణ కూడా నవ్వేది. భద్రమ్మ గోడ పట్టుకుని, వంకరపోయిన కాళ్లతో నడుస్తూనే అనేది: "మాకు లేవా మోకాళ్లు? మేం నాట్లెయ్యలేదా, బిందెలు మొయ్యలేదా? ఫోటోల లేని నొప్పి యాడికెల్లొచ్చె?" వినగా వినగా సుగుణకే అనుమానం పట్టుకుంది. మిషను అబద్ధం ఆడదు. మరి ఆడుతున్నది తానేనా? పని తప్పించుకోవాలని తనకు తెలియకుండా తన ఒళ్లే నాటకం ఆడుతోందా? వాకిలి ఊడ్చేటప్పుడు నొప్పి వస్తే, వచ్చిందా లేదా అని ఆగి తనను తానే ప్రశ్నించుకునేది. నొప్పి కన్నా ఆ ప్రశ్నించుకోవడం ఎక్కువ అలసటగా ఉండేది.

మొన్నామధ్య కొట్టం గడపలో కాలు మడతపడి బకెట్‌తో సహా కింద పడింది. డెయిరీకి పోసే పాలన్నీ మట్టిపాలయ్యాయి. పెద్ద స్కానింగ్‌కు వరంగల్ తీసుకుపోతానని సుదర్శన్ ఒప్పుకున్నది అప్పుడే. పాలు ఒలికినందుకు ఒప్పుకున్నాడని ఆమెకు తెలుసు.

చివరికి ఆ రోజే నెక్కొండలో రైలెక్కి వరంగల్లో దిగారు. స్కానింగ్ సెంటర్లో ఆసిమా అనే అమ్మాయి పుస్తెలతాడు, గాజులు, మెట్టెలు తీయించింది. సుదర్శన్ వాటిని రుమాల్లో మూటకట్టుకున్నాడు.

"సప్పుడు బాగొస్తదమ్మా, భయపడకు. జర కదలకుండ పండుకోవాలె. కదిలితే ఫోటో చెడిపోతది" అంది ఆసిమా.

కదలకుండా పడుకో అని తనతో ఇదివరకు ఎవరైనా అన్నారా అని సుగుణ ఆలోచించింది. జ్వరం వచ్చినప్పుడు కూడా, 'పండుకుంటే తగ్గుతదా, తిరుగుతే తగ్గుతది' అన్నారు. మిషను వడ్ల మిల్లులా మోగుతోంది. ఆ మోతలో పిలిచేవాళ్లు లేరు. ఆమెకు నిద్ర పట్టింది. ఆసిమా వచ్చి తట్టి లేపాల్సి వచ్చింది. "అందరు గాబరపడ్తరు, నువ్వు గురక పెట్టినవ్" అని నవ్వింది. సుగుణ సిగ్గుపడింది.

డాక్టరు కంప్యూటర్లో ఆమె మోకాలిని చూపించాడు. ఎముక అంచున బూడిద రంగు పొర ఒకటి ఉంది. అదే గుజ్జు. లోపలి వైపుకు వచ్చేసరికి పల్చబడింది. ఒకచోట లేనే లేదు.

"ఎక్స్‌రేల ఎముకే కనబడ్తదమ్మా, గుజ్జు కనబడదు. ఇగో, ఇక్కడ పూర్తిగ అరిగింది. ఇన్నొద్దులు ఎట్ల ఓర్చుకున్నవ్?"

ఆ ఖాళీని చూసి సుగుణకు ఏడుపు రావాల్సింది. సంతోషం వచ్చింది. తాను అబద్ధం ఆడలేదు. భర్త ముఖంలోకి చూసింది. ఒక్క 'అయ్యో' చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది. సుదర్శన్ తెర వైపే చూస్తున్నాడు.

"పోయింది మల్ల వస్తదా సార్?"

"రాదు. మిగిలింది కాపాడుకోవాలె. గొంతుకూసునుడు బంద్, కింద కూసునుడు బంద్. లేకుంటే కొన్నేండ్లకు మోకాలే మార్చాల్సి వస్తది."

స్టేషన్లో పై వంతెన మెట్లు ఆమె పక్కకు తిరిగి ఒక్కొక్కటే దిగింది. అతను ముందే దిగి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. రైల్లో కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"రాదన్నడు గద సార్. పోయేది పోనే పోయింది. ఇంక దాసిపెట్టుకునేందుకేమున్నది? రానిదాని కోసం పనులు బంద్ పెట్టుకుంటే ఇల్లెట్ల నడుస్తది, నువ్వే చెప్పు."

సుగుణ కిటికీలోంచి బయటికి చూసింది. నొప్పి లేదు అన్నప్పుడు, లేదు కాబట్టి చెయ్యి అన్నారు. ఉంది అని తేలాక, పోయింది కాబట్టి చెయ్యి అంటున్నారు. ఈ రెండు మాటల నడుమ ఆగి కూర్చోవడానికి ఒక చోటు ఉంటుందనుకుంది. ఆ చోటు కోసమే ఇంత దూరం వచ్చింది. ఫోటో తీసే మిషన్లు ఇంకెన్ని వచ్చినా ఇతని మాట మారదని ఆ రైల్లో అర్థమైంది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. భద్రమ్మ ఫిల్ము అడిగి తీసుకుని, తలకిందులుగా వెలుతురుకు పట్టింది.

"ఇందుల నొప్పి యాడున్నదే?"

"నొప్పి పడదత్తమ్మా. గుజ్జు లేని జాగ పడ్తది. ఇగో" అని సుగుణ వేలు పెట్టి చూపించింది.

భద్రమ్మ చాలాసేపు చూసింది. ఆమె రెండో చెయ్యి తన మోకాలి మీదికి పోయింది. "నాకెవ్వలు తీసిండ్రు ఫోటో" అని గొణిగి ఫిల్ము తిరిగి ఇచ్చేసింది.

కొట్టంలో బర్రె అరిచింది. సుగుణ మంచం మీద నుంచి లేవలేదు. "డాక్టర్ వద్దన్నడు. నేను గొంతుకూసోను" అంది.

"గదేమన్న పెద్ద సదువా?" అంటూ సుదర్శన్ బకెట్ తీసుకుని పోయాడు. కాసేపటికి బకెట్ దొర్లిన చప్పుడు వినిపించింది. లుంగీ నిండా పేడతో తిరిగొచ్చాడు. "చెయ్యి పెట్టనిస్తలేదు. పొదుగు రాయి లెక్కయింది. నీ పంతానికి నోరులేని గొడ్డు ఏడ్వాల్నా?"

బర్రె మళ్లీ అరిచింది. ఆ అరుపు ఎలాంటిదో సుగుణకు తెలుసు. లోపల సలుపుతున్నది బయట ఎవరికీ అందకపోతే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లేచి వెళ్లింది. గుంజ పట్టుకుని గొంతుకూర్చుంది. చెయ్యి తగలగానే బర్రె చేపింది. దాని డొక్కకు నుదురు ఆనించి చివరి చుక్క దాకా పిండింది. లేవడానికి చాలాసేపు పట్టింది.

అన్నాల వేళ ఇద్దరికీ వడ్డించి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని తానూ కంచంతో కూర్చుంది. వాళ్లతో పాటే తినడం అదే మొదలు. సుదర్శన్ కింద నుంచి తలెత్తి చూశాడు.

"చుక్కబర్రెను అమ్ముత" అంది సుగుణ. "బేరగాన్ని రేపు పిలువు."

అతను నవ్వాడు. "అమ్మనీకె నువ్వెవ్వతివే?"

"దాని తల్లిని మా అవ్వ నాకు అరణమిచ్చింది."

పెళ్లినాడు పుట్టింటివాళ్లు బిడ్డ వెంట తోలిన పశువు, దానికి పుట్టినవి ఆ బిడ్డవే. ఊళ్లో ఎవరూ కాదనరు. ఏ కోడలూ ఆ మాట ఎత్తదు కూడా.

"ఇన్నేండ్ల సంది ఎవని గడ్డి తిన్నదది? చెప్పవేందే అవ్వా!" అని సుదర్శన్ తల్లి వైపు తిరిగాడు.

భద్రమ్మ ముద్ద కలుపుతోంది. తల ఎత్తలేదు.

"అరణపు గొడ్డు మీద మొగోనికి మాట లేదు కొడుకా. నాదాన్ని మీ నాయిన అమ్ముకున్నడు. నేను నోరు తెరవలే."

సుదర్శన్ చెయ్యి కంచంలో ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. సుగుణ గిన్నె దగ్గరికి లాక్కుని పెరుగు వేసుకుంది. గెలిచినట్టు లేదు. రేపు బేరగాడు తాడు పట్టుకుంటే అది తన వైపు తిరిగి చూస్తుంది. అయినా తింది. ముగ్గురూ తల వంచుకుని కంచాల్లో ఉన్నదంతా తిన్నారు.