అరవై కుర్చీలు

భద్రయ్య చేతిలోని ఓటు చీటీని సంఘం అధ్యక్షుడు కేశవరావు అందరి ముందే లాక్కున్నాడు.

"వర్క్ పర్మిట్ వాళ్లకి ఓటు లేదయ్యా. కుర్చీలు వేశారుగా, బయటుండండి. భోజనాలకి పిలుస్తాం."

సుచిత్ర చేతిలోనూ అలాంటి చీటీయే ఉంది. పెళ్లయి ఆమె సింగపూర్ వచ్చి పద్దెనిమిది రోజులు. భర్త శ్రీనాథ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కాబట్టి విమానం దిగగానే సభ్యురాలైపోయింది. భద్రయ్య పదకొండేళ్లుగా ఆదివారం సెలవు వదులుకొని, క్రాంజీలోని కూలీల డార్మిటరీ నుంచి వచ్చి ఈ తెలుగు సంఘానికి చాకిరీ చేస్తున్నాడు.

"చదువులేని గుంపు చేతిలో సంఘాన్ని పెట్టమంటావా?" అన్నాడు కేశవరావు.

"ఈ దేశపోళ్లు ఫారంల నీకూ నాకూ ఒక్కటే జాతి రాసిన్రు సార్. రైల్ల నీ పక్కనా ఎవడు కూసోడు, నా పక్కనా కూసోడు. మల్ల నువ్వెవల్ని ఏరుతున్నవు?" అన్నాడు భద్రయ్య.

కేశవరావు టీ విరామం ప్రకటించాడు. సభ్యులు టీ తాగడానికి బయటికి వెళ్లారు.

భోజనాల దగ్గర టిష్యూ పొట్లాలు పంచడం సుచిత్ర పని. నిన్ననే తిండి దుకాణాల హాకర్ సెంటర్లో శ్రీనాథ్ నేర్పాడు: బల్ల మీద టిష్యూ పొట్లం పెడితే దాన్ని చోప్ చేసినట్టు. ఇక అది మనదే, ఎవరూ ముట్టుకోరు. ఆ ముచ్చట తీరక ఇంట్లో మంచం మీద తన వైపు కూడా ఒకటి పెట్టుకుంది.

భద్రయ్య రూంమేట్ యాకూబ్ ఆ పొట్లాల డబ్బా వైపు చూశాడు. "అక్కా, అది ఇటియ్యి."

సుచిత్రకు ఫక్కున నవ్వొచ్చింది. పెన్ను తీసింది. "పేర్లు చెప్పండి."

"డ్యూటీల ఉన్నోళ్లయి గూడ రాయి!" అన్నాడు యాకూబ్.

సభ్యులు తిరిగొచ్చేసరికి అరవై కుర్చీల్లోనూ పేరు రాసిన పొట్లాలు. వాటిని తీయడానికి ఒక్కరి చెయ్యీ ముందుకు రాలేదు.

"తీసేయండి!" అరిచాడు కేశవరావు.

"చోప్ చేసిన సీటండీ, ఎలా తీస్తాం?" అంది సభ్యుల్లోంచి కమలాదేవి ఆంటీ.

"మీ కంపెనీకి ఫోన్ చేశానంటే మీ పర్మిట్లు ఉండవు!"

భద్రయ్య మొదటి కుర్చీలోని తన పేరున్న పొట్లం తీసి అతని చేతిలో పెట్టాడు. "చెయ్ సార్. పేరు చూసి చెప్పు." కూర్చున్నాడు. పక్కన యాకూబ్ కూర్చున్నాడు. గోడ వెంట నిలబడ్డ మిగతా ఇరవై మంది కూలీలూ వచ్చి తమ పేర్ల మీదికి చేరారు.

"కేశవరావు గారు మా బాస్, తెలుసుగా?" సుచిత్ర చెవిలో గుసగుసలాడాడు శ్రీనాథ్.

"తెలుసు. నువ్వు నా పక్కనే ఉండు."

కేశవరావు ఫోన్ చెవికి ఆనించాడు. అవతల రింగవుతోంది.

"పని చేసేటోనికి ఓటుండాలె. అవునన్నోళ్లు చేతులెత్తుండ్రి!" అన్నాడు భద్రయ్య.

సిమెంటు తిన్న చేతులు లేచాయి. ఎర్రగా పండిన గోరింటాకు చెయ్యి ఒకటి లేచింది. దాని పక్కనే, బాస్ వైపు చూడకుండా, శ్రీనాథ్‌ది. ఆ తర్వాత కమలాదేవిది.