మైకులో టీచరమ్మ

అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు కొండ మీదున్న ఆ పరిశోధనా కేంద్రంలో ఏదైనా ప్రమాదం జరిగితే అందరికీ కబురందించే ఏర్పాట్లు బెర్నడెట్ లుహాన్ చూసేది. ఫోన్లకు సందేశాలు, స్తంభాలకు మైకులు, కింద లోయలో ఊరిదాకా వినపడే సైరన్. దేనికీ లోటు లేదు, వినేవాళ్లకు తప్ప.

వసంతంలో డ్రిల్లు పెట్టినప్పుడు ఆ సంగతి బయటపడింది. విషవాయువు లీకైందనుకుని అందరూ లోపలికెళ్లి కిటికీలు మూసుకోవాలి. సైరన్ మోగింది. మైకులో ఒక మగగొంతు నిద్రమత్తులో ఉన్నట్టు "ముందుజాగ్రత్త చర్యగా సిబ్బంది యావన్మందీ..." అని మొదలుపెట్టింది. గోడల లోపలికి ఆ గొణుగుడు సరిగా వినపడక, ఏమంటున్నాడో తెలుసుకుందామని లోపలున్నవాళ్లు సైతం కాఫీకప్పులతో బయటికొచ్చి నిలబడ్డారు. బెర్నడెట్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం ఉసూరుమంటూ ఊళ్లో బురీటోలనే రొట్టెచుట్టలమ్మే కొట్టు దగ్గర ఆగింది. కేంద్రంలో పనిచేసే ఇంజనీర్లిద్దరు ఎవరు ముందొచ్చారని గొడవపడుతున్నారు. వెనకనుంచి "ఏమిటా అల్లరి?" అని ఒక్క మాట వినపడింది, అంతే. ఇద్దరూ గప్‌చుప్. ఆ మాటన్నది మిసెస్ ఆర్చులేటా. లోయలో రెండు తరాలకు రెండో తరగతి చెప్పి రిటైరైన టీచరు. ఆవిడ దగ్గరే చదువుకున్న బెర్నడెట్ తనకు తెలియకుండానే నడుం నిటారుగా పెట్టింది. మరుక్షణం ఆమె బుర్రలో ఏదో తళుక్కుమంది.

పై అధికారి వేన్ హోల్‌బ్రుక్ ఎక్కడో ఒహాయో నుంచి వచ్చినవాడు, టీచరమ్మ సంగతి ఎరగడు. ప్రకటన ఆవిడ చేత చదివిద్దామని బెర్నడెట్ అడిగితే, గొంతు ఎవరిదైనా సరే, లాయర్లు ఒప్పుకున్న మాటల్లో అక్షరం మారకూడదని షరతు పెట్టి, రికార్డింగ్ దగ్గర తనే కూర్చున్నాడు. మిసెస్ ఆర్చులేటా చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని వచ్చింది. కాగితం చదివి కళ్లద్దాలు తీసింది.

"ఇది రాసిందెవరు నాయనా?"

"మా లాయర్లండీ."

"ఇల్లు అంటుకున్నా ఇలాగే మాట్లాడుకుంటారా వాళ్లు?"

ఆవిడ కాగితం పక్కన పెట్టి మైకు ముందుకు వంగింది.

"లోపలికి పదండి. కిటికీలు మూయండి. నేను చెప్పేదాకా ఎవరూ బయటికి రావద్దు."

బెర్నడెట్ తిరిగి చూసేసరికి వేన్ లేచి ఆ గది కిటికీ మూస్తున్నాడు. చేతిలో ఉన్న గొళ్లెం చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు. లాయర్లతో తనే మాట్లాడతానన్నాడు.

ఎండలు ముదిరిన ఒక రోజు నీటిశుద్ధి షెడ్డులో క్లోరిన్ సిలిండరు నిజంగానే లీకైంది. బెర్నడెట్ మీట నొక్కింది. టీచరమ్మ గొంతు కొండంతా, కింద ఊరిదాకా మోగింది. కెమెరాల్లో చూస్తుండగానే ఆవరణ ఖాళీ అయిపోయింది. కారెక్కబోతున్న డైరెక్టరు సైతం తలుపు తీసినది తీసినట్టే వదిలేసి లోపలికి పరుగెత్తాడు. అగ్నిమాపకవాళ్లు సిలిండరు మూత బిగించారు, గాలి శుభ్రమైందని తేల్చారు. ఒకరిద్దరికి దగ్గు, అంతకుమించి ఏమీ లేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ప్రమాదం తప్పిందన్న ప్రకటన ఇంకా పాత మగగొంతులోనే ఉంది. అది ఎన్నిసార్లు వేసినా ఒక్కరూ బయటికి రాలేదు. నేను చెప్పేదాకా అంది కదా ఆవిడ!

బెర్నడెట్ టీచరమ్మకు ఫోన్ చేసి, వచ్చి నాలుగు మాటలు చెప్పమని బతిమాలింది.

"ఎలా రానే? నేనూ తలుపులేసుకుని కూర్చున్నా. మొక్కలకి నీళ్లు పోస్తుంటే వినపడింది. అంత గట్టిగా చెబితే బయటెవరుంటారు?"

బెర్నడెట్‌కు నవ్వాగలేదు. ఫోన్‌నే మైకుకు ఆనించింది. "ఇక రండి, తోసుకోకండి" అన్న మాట వినపడగానే తలుపులు తెరుచుకున్నాయి.

రెండో ప్రకటన ముందే ఎందుకు రికార్డు చేయలేదని వేన్ ఎవరినీ నిలదీయలేదు. ఆ వేళ టీచరమ్మ రమ్మనేదాకా భోజనం మానుకుని గదిలో కూర్చున్నవాళ్లలో ఆయనా ఒకడు.